పదో మాట

ఇంగ్లండులో గడిపిన ఆ పదేళ్లను తలుచుకుంటే నాకు వారాలు, నెలలు గుర్తుకు రావు. శనివారాలు గుర్తుకొస్తాయి. అవి కూడా విడివిడిగా రావు. ఒకే ఒక్క పొడవాటి శనివారం పొద్దుటిలాగా, ఎవరో సన్నగా పాడుతుంటే సగం నిద్రలో విన్నట్టుగా వస్తాయి. తడిసిన కోట్ల వాసన, పాత పుస్తకాల వాసన, లోపల ఎక్కడో కెటిల్ మరుగుతున్న చప్పుడు. కిటికీ పైభాగాన నీలం, పసుపు అద్దాలుండేవి. ఎండ రావడమే అరుదు. వచ్చిన రోజున ఆ నీలం ముక్క ముందు వరసలోని పెద్దాయన బట్టతల మీద పడేది. ప్రార్థన సాగేకొద్దీ మెల్లగా జరుగుతూ చివరి కీర్తన వేళకి పక్కావిడ భుజం మీదికి చేరేది. నేను గడియారం చూసేదాన్ని కాదు. ఆ నీలం ముక్కనే చూసేదాన్ని.

కోవెంట్రీకి పక్కనే ఉన్న చిన్న ఊళ్లో అది ఒక పాత ఇల్లు. ముందుగదికీ వెనకగదికీ మధ్య గోడ తీసేసి దాన్ని యూదుల ప్రార్థనా స్థలంగా మార్చుకున్నారు. ఇంగ్లీషులో సినగాగ్ అంటారు. మా ఇంట్లో మాత్రం సమాజమందిరం అనేవాళ్లం. తెలుగు బైబిల్లో ఉన్న మాట అది. చిన్నప్పుడు నాకు ఆ మాట వింటే పంచాయతీ ఆఫీసులాంటిదేదో కళ్లకు కట్టేది. ఎందుకంటే మా పేటలో సమాజమందిరం అంటే నిజంగానే ఒక గది, రేకుల కప్పు, గోడ మీద నీలం రంగుతో ఆరు మూలల నక్షత్రం. అంతే.

మాది కోస్తాలో, మిరప పొలాల మధ్య ఒక పేట. అందులో కొన్ని కుటుంబాలం మేము యూదులమని చెప్పుకునేవాళ్లం. మా తాతల కాలంలోనే ఆ మాట పుట్టిందని కొందరు, ఎప్పటినుంచో ఉన్నదే తాతల కాలంలో గుర్తుకొచ్చిందని మా నాన్న. నిజానిజాలు నేనెప్పుడూ అడగలేదు. నేను పుట్టేసరికే ఇంట్లో శుక్రవారం సాయంత్రం దీపాలున్నాయి. శనివారం పొయ్యి వెలిగించకపోవడం ఉంది. నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఎక్కడో సంపాదించిన జిరాక్సు కాగితాలు చూసి హీబ్రూ అక్షరాలు నేర్చుకుని, మాకు నేర్పాడు. మిరపకాయల కోత కాలంలో పాడుకునే పాటల వరసలోనే కీర్తనలకు బాణీ కట్టాడు. ఊళ్లో వాళ్లు మమ్మల్ని కిరస్తానీ వాళ్లలో ఒక రకం అనుకునేవారు. కిరస్తానీ వాళ్లు మాత్రం మమ్మల్ని ఏమనుకోవాలో తెలియక ఊరుకునేవారు.

2009లో నేను బయోమెడికల్ చదువు కోసం కోవెంట్రీ వచ్చాను. ముగ్గురు తెలుగమ్మాయిలతో కలిసి ఇల్లు తీసుకున్నాం. రెండో శుక్రవారం నాడు వంటగదిలో అలమర మీద రెండు కొవ్వొత్తులు వెలిగించి, కళ్ల మీద చేతులు పెట్టుకుని నాన్న నేర్పిన మాటలు చెప్పుకుంటున్నాను. సరిగ్గా నెత్తి మీద పొగ అలారం ఉందని చూసుకోలేదు. అది మోగిన మోతకి ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు.

వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి చీపురు కర్రతో అలారాన్ని పొడుస్తూ అడిగింది. "ఏందే ఇది? కరెంటున్నంక దీపాలెందుకు పెట్టినవ్?"

చెప్పాను. మొదటిసారి ఒకరికి మొత్తం చెప్పాను. ఆమె కాసేపు విని, చీపురు గోడకు ఆనించి అంది. "మరి ఒక్కదానివే ఈడ గూసొని మొక్కుడేంది? గూగుల్ల కొట్టి సూడరాదు. మీ గుడి ఈడ గూడ ఉంటది గద."

అలా నాకు ఆ పాత ఇల్లు దొరికింది. ముందుగా ఈమెయిలు రాయాలి, పాస్‌పోర్టు కాపీ పంపాలి. జవాబు ఒక పెద్దావిడ రాసింది. శనివారం పదికి రండి, గొడుగు తెచ్చుకోండి అని.

తలుపు దగ్గర పచ్చగా మెరిసే జాకెట్టు వేసుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. అప్పటికే డెబ్బై దాటి ఉంటాయి. కార్ల ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. సెక్యూరిటీ రోటాలో ఆ నెల ఆయన వంతు. నిజానికి ప్రతి నెలా ఆయన వంతేనని తర్వాత తెలిసింది.

"మీరు యూదులా?" అన్నాడు, నా పేరున్న కాగితం చూసుకుంటూ.

"అవునండి."

"ఎక్కడి నుంచి?"

"ఆంధ్ర నుంచి. ఇండియా."

"అక్కడ యూదులున్నారా?"

"మేమున్నామండి," అన్నాను.

ఆయన నన్నోసారి, నా బూట్లనోసారి చూశాడు. బూట్లు నీళ్లోడుతున్నాయి. "బస్సు దొరకలేదా?"

"శనివారం కదండి. నడిచొచ్చాను."

ఆయన ముఖంలో ఏదో మారింది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు పక్కన వరసగా కార్లు. అందరూ కార్లలోనే వచ్చారు. ఆయనా అంతే. "లోపల హీటర్ దగ్గర కూర్చోండి" అని తలుపు బార్లా తీశాడు.

లోపల నాకు ఈమెయిలు రాసిన పెద్దావిడ కనిపించింది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. నలభై ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పి మానేసింది. రబ్బీ అంటే గురువు. అలాంటి వారిని పూర్తికాలానికి పెట్టుకునే స్థోమత ఆ మందిరానికి లేదు. నెలకోసారి లండన్ నుంచి ఒకరు వచ్చేవారు. మిగతా శనివారాలు ఆవిడే చదివించేది. అక్కడ అందరూ ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకునేవారు. నన్నూ అలాగే పిలవమన్నారు. నానమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. మేడమ్ అన్నాను. ఆవిడ నవ్వి, "ఇంకో నలభై ఏళ్లు సర్వీసు పొడిగించినట్టుంది" అంది.

ఆ రోజు ప్రార్థనలో నాకు తెలిసిన మాటలు, తెలియని రాగాల్లో వచ్చాయి. అది కలలో మన ఇంటికే వెళ్లి, గదులన్నీ వేరే చోట ఉండటం చూసినట్టు ఉండింది. 'వినుము' అని మొదలయ్యే ప్రార్థన వచ్చినప్పుడు అందరూ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. నా నోట్లో తెలుగు మాట వచ్చింది. నా పక్కావిడ నోట్లో హీబ్రూ మాట. రెండూ ఒకే చోట ఆగాయి.

ప్రార్థన అయ్యాక జడలా అల్లిన రొట్టె, వెనిగర్లో నానిన చేప ముక్కలు, చిన్న గ్లాసుల్లో తియ్యటి ద్రాక్షరసం. చేప నాకు మింగుడు పడలేదు. తర్వాతి శనివారం ముందురోజే చేసిపెట్టుకున్న పులిహోర డబ్బాలో పెట్టుకుని నడిచి వెళ్లాను. పెద్దాయన మూడుసార్లు పెట్టించుకున్నాడు. మిరపకాయని క్యారెట్ ముక్క అనుకుని కొరికి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అయినా నాలుగోసారి వచ్చాడు.

మూడు నాలుగు వారాల తర్వాత నేనొక విషయం గమనించాను.

యూదుల ప్రార్థనలో కొన్ని భాగాలకు పదిమంది ఉండి తీరాలి. మా పేటలో ఆ లెక్క మగవాళ్లది. ఇక్కడ ఆడవాళ్లు కూడా లెక్కలోకి వస్తారని చూసి నాకు ఒళ్లు పులకరించింది. ప్రార్థన మొదలయ్యాక పెద్దాయన లేచి నిలబడి ఎంతమంది వచ్చారో చూస్తాడు. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదని పాత నమ్మకం. అందుకని పది మాటలున్న ఒక కీర్తన చరణాన్ని గొణుక్కుంటూ, ఒక్కో మాటకి ఒక్కో మనిషిని చూస్తాడు. చరణం పూర్తయితే పదిమంది ఉన్నట్టు. ఇది నాకు వింతగా అనిపించలేదు. మా నాయనమ్మ కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, 'లాభం' అనేది. పిల్లల్ని ఎంతమందని అడిగితే మాట మార్చేది. లెక్కపెడితే దిష్టి.

వింతగా అనిపించింది ఇంకొకటి. పెద్దాయన చూపు వరసగా ఒక్కొక్కరి మీదా ఆగుతూ వచ్చి, నా దగ్గరికి వచ్చేసరికి గోడ గడియారం మీదికి వెళ్లేది. అక్కణ్నుంచి నా పక్కావిడ మీదికి దిగేది. నేనున్న కుర్చీలో మాట పడేది కాదు.

వంటగదిలో రొట్టె కోస్తున్న మేడమ్‌ని అడిగాను. ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"నీ దగ్గర కాగితం ఏదైనా ఉందా? మీ అమ్మగారి పెళ్లికి రాసిన హీబ్రూ పత్రంలాంటిది?"

"మా అమ్మ పెళ్లికి కార్డే వేయించలేదండి."

"అయితే లండన్‌లో ముగ్గురు రబ్బీలు కూర్చుని నీతో మాట్లాడి ఒక కాగితం ఇవ్వాలి. దానికి ముందు ఒకటి రెండేళ్లు చదువుకోవాలి. కొత్తగా చేరేవాళ్లకి ఉండే పద్ధతి అది."

"నేను కొత్తగా చేరేదాన్ని కాదండి."

"తెలుసు," అందావిడ. "నాకు తెలుసు. కానీ నాకు తెలిస్తే చాలదు."

నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ వెళ్లడం మానలేదు. చదువు అయిపోయింది. హాస్పిటల్ ల్యాబులో ఉద్యోగం వచ్చింది. శనివారం డ్యూటీ వేయొద్దని అడిగితే, దానికి బదులు ఆదివారాలూ క్రిస్మస్ రోజూ చేస్తావా అన్నారు. చేశాను. మందిరంలో టీ రోటాలో నా పేరు ఉండేది. పూల రోటాలో ఉండేది. పండుగ రోజున కుర్చీలు సర్దే రోటాలో ఉండేది. ఆ పది మాటల్లో మాత్రం ఉండేది కాదు. కొన్ని శనివారాలు అది ముల్లులా గుచ్చుకునేది. ఎక్కువ శనివారాలు ఆ రాగాల మధ్య ఒక పడవలో పడుకున్నట్టు ఉండి, మర్చిపోయేదాన్ని. బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాలైన ధర్మశాస్త్రం వారానికో భాగం చొప్పున ఏడాదిలో పూర్తవుతుంది. పూర్తయిన రోజే మళ్లీ మొదటి వాక్యం నుంచి మొదలుపెడతారు. అలా నాలుగోసారి లోకం పుట్టిన కథ విన్న శీతాకాలంలో మంచు పడింది.

జనవరి. రాత్రికి రాత్రే రోడ్లు కనిపించకుండా పోయాయి. నేను ఎప్పటిలాగే నడిచి వెళ్లాను. మోకాలి దాకా దిగబడుతూ వెళ్లడానికి గంటన్నర పట్టింది. చుట్టూ చప్పుడన్నది లేదు. నా ఊపిరి నాకే ఎవరో పక్కన నడుస్తున్నట్టు వినిపించింది.

ఆ రోజు మేడమ్ భర్త పోయిన తిథి. మన వైపు తిథిని బట్టి తద్దినం పెట్టినట్టే యూదులకీ నెలలు చంద్రుణ్ని బట్టే నడుస్తాయి. ఆ రోజున నిలబడి కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలి. అందులో చావు మాటే ఉండదు, అంతా దేవుణ్ని కొనియాడటమే. కానీ చెప్పేవాళ్లకు పదిమంది ఆమేన్ అనాలి. పదిమంది లేకపోతే చెప్పకూడదు.

ఆవిడ ఇంటి నుంచి కారు కదల్లేదు. చేతికర్ర పొడుచుకుంటూ నడిచి వచ్చింది. దగ్గర్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. టోపీల మీద మంచు దులుపుకుని కూర్చున్నారు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. గొణుక్కుంటూ చూశాడు. తొమ్మిది మాటలు అయ్యాయి. పదో మాట ఆయన పెదాల దగ్గర ఆగిపోయింది. నేనే మిగిలాను.

"కాసేపు ఆగుదాం," అన్నాడు.

ఆగాం. ప్రార్థన నెమ్మదిగా చదివాం. ఎవరూ రాలేదు. కిటికీ బయట మంచు కింద పడటం మానేసి గాల్లోనే తేలుతున్నట్టుంది. వెనక వరసలోంచి ఎవరో అన్నారు.

"ఆ అమ్మాయిని లెక్కపెట్టండి. నాలుగేళ్లుగా వస్తోంది. ఎవరు చూడొచ్చారు?"

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఎవరూ చూడనప్పుడే కదా ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది," అన్నాడు. కానీ ఆయన గొంతులో గట్టితనం లేదు. మేడమ్ వైపు చూశాడు. ఆవిడ సరే అంటే ఆయన కాదనేవాడు కాదు. అది గదిలో అందరికీ తెలుసు.

మేడమ్ కర్ర మీద రెండు చేతులూ పెట్టి లేచింది.

"వద్దు," అంది. "ఈమెని అవసరానికి వాడుకోకూడదు. లెక్కలో ఉంటే ప్రతి శనివారం ఉండాలి. మంచు పడిన రోజున మాత్రమే ఉంటే అది ఈమెకి మర్యాద కాదు."

ఆవిడ కద్దిష్ చెప్పలేదు. దాని బదులు ఒక కీర్తన చదివి కూర్చుంది. నాకు చెంప మీద కొట్టినట్టూ ఉంది, తల నిమిరినట్టూ ఉంది. రెండూ ఒకేసారి.

తిరిగి వెళ్లేటప్పుడు ఆవిణ్ని చెయ్యి పట్టుకుని నడిపించాను.

"కోపం వచ్చిందా?" అంది ఒక మలుపు దగ్గర.

"వచ్చింది మేడమ్."

"నాకూ వచ్చింది. అర్ధశతాబ్దం కాపురం చేసిన మనిషికి ఇవాళ ఆమేన్ లేకుండా పోయింది." కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. "నేను నీకు చదువు చెబుతాను. లండన్ వెళ్దాం."

"మా నాన్న ఒప్పుకోడండి."

"నీ సంగతి అడుగుతున్నాను."

ఆవిడ వాకిట్లో పారతో మంచు తీసి దారి చేసి వచ్చాను.

మర్నాడు నాన్నకి ఫోన్ చేశాను. విన్నంతసేపూ విన్నాడు.

"ఏమ్మా, ఇన్నేళ్లూ మనం చేసిందేంది మరి? ఉత్తదేనా?" అన్నాడు. "మీ తాత ఎర్రటి ఎండలో కూలి మానుకుని శనివారం ఇంట్లో కూసున్నాడు. ఆసామి మళ్లీ పనిలోకి పిలవలా. అప్పుడు ఏ లండనోళ్లు కాయితం ఇచ్చారు? ఇప్పుడు నువ్వు పోయి మేం కాదు, చేర్చుకోండి అంటావా?"

ఆయన చెప్పింది నిజం. మేడమ్ చెప్పిందీ నిజం. ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇంతలో అవతల అమ్మ గొంతు వినపడింది. ఫోన్ లాక్కున్నట్టుంది.

"అది కాదులే. ఆ పెద్దామె మొగుడి పేరున దణ్ణం పెట్టుకోడానికి మనిషి తక్కువయ్యాడంటన్నావుగా?"

"అవునమ్మా."

"నిన్ను రమ్మంటందిగా?"

"అవును."

"కావాలని పిలిచినోళ్ల కాడ పంతమేందే? మీ నాన్న పంతం మీ నాన్నది. నువ్వెళ్లు. ఆయనకి నేను చెప్పుకుంటా."

అలా మొదలైంది. డ్యూటీ లేని ఆదివారం మధ్యాహ్నాలు మేడమ్ వంటగదిలో, కిటికీ పక్కన చిన్న బల్ల దగ్గర పాఠం. ఆవిడ లెక్కల టీచరు కాబట్టి వ్యాకరణాన్ని కూడా లెక్కల్లాగే చెప్పేది. నా ట, డ లు విని మొదట్లో నవ్వేది. తర్వాత తనకే అవి అలవాటయ్యి, ఒకసారి శనివారం చదువుతూ నాలాగే పలికి నాలుక కరుచుకుంది. నాకు తెలిసినవి చాలా ఉన్నాయి, తెలియనివీ చాలా ఉన్నాయి. నాన్న జిరాక్సు కాగితాల్లో కొన్ని పేజీల అంచులు తెగిపోయి ఉండేవి. మేం చిన్నప్పటినుంచీ ఒక ప్రార్థన చివరి మాట లేకుండానే చెప్పుకున్నామని ఆ బల్ల దగ్గరే తెలిసింది. దాన్ని మేడమ్‌కి చెప్పి నవ్వబోయి ఏడ్చాను. ఆవిడ నా టీ కప్పులో ఇంకో చెంచా చక్కెర వేసింది.

ఒక మధ్యాహ్నం బయట సన్నగా వాన పడుతోంది. చదువుతూ చదువుతూ తెలియకుండానే నాన్న బాణీలోకి వెళ్లిపోయాను. కోతల పాట వరస. చివర్లో గొంతు పైకి లేచి, పొలం అవతల గట్టు మీదున్న వాళ్లకి వినపడేలా సాగుతుంది. పాడటం అయిపోయాక చూస్తే మేడమ్ కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

"మళ్లీ పాడు," అంది కళ్లు తెరవకుండానే. "పెన్సిల్ ఇటివ్వు. రాసుకుంటాను."

రెండేళ్లకు లండన్ వెళ్లాం. పెద్ద గది, పొడుగు బల్ల, అవతల ముగ్గురు. మధ్యలో కూర్చున్న రబ్బీ నెరిసిన జుట్టు ఆవిడ. ఏవేవో అడిగారు. చెప్పాను. చివరికి ఆవిడ కాగితం తీసి కలం మూత విప్పి అడిగింది.

"ఇందులో ఏమని రాయమంటారు? చేరారు అనా, తిరిగి వచ్చారు అనా?"

నాన్న మాటలు గుర్తొచ్చాయి. "నేనెక్కడికీ వెళ్లలేదండి," అన్నాను. "శనివారం శనివారం అక్కడే ఉన్నాను."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ తల వంచి చాలాసేపు రాసింది. తర్వాత చదువుకుంటే, చేరినట్టూ లేదు, తిరిగి వచ్చినట్టూ లేదు. ఫలానా వారి కూతురు ఫలానా ఆమె ఇశ్రాయేలు ఇంటి మనిషి అని ఉంది. నాన్న పేరు హీబ్రూ అక్షరాల్లో రాశారు.

పద్ధతి ప్రకారం అదే రోజు ప్రార్థన చెబుతూ నీటిలో మూడుసార్లు మునగాలి. తెల్ల పలకలు పరిచిన చిన్న కొలను, గోరువెచ్చటి నీళ్లు. బయట మేడమ్ తలుపుకి చెవి ఆనించి, నేను చెప్పే మాటలు వినడానికి నిలబడి ఉంది. మొదటి మునకలో భయం వేసింది. రెండో మునకలో నా జుట్టు నా చుట్టూ నెమ్మదిగా విచ్చుకోవడం చూశాను. మూడోసారి మునిగినప్పుడు మా కాలవలో నీళ్ల కింద వినపడే చప్పుడే ఇక్కడా వినపడింది. దూరంగా ఎవరో ధాన్యం పోస్తున్నట్టుండే చప్పుడు. పైకి లేవాలనిపించలేదు.

ఆ తర్వాతి శనివారం ఎప్పటికన్నా ముందే వెళ్లాను. అందరూ షబ్బాత్ షాలోమ్ అని శనివారపు శుభాకాంక్షలు చెప్పుకుని కూర్చున్నారు. పెద్దాయన లేచాడు. పదో మాట నాదే అవుతుందని, రెండేళ్ల కింద ఆయన పెదాల దగ్గర ఆగిపోయింది ఇవాళ నా మీద పడుతుందని అనుకుంటూ, చరణం చివరి మాట కోసం ఊపిరి బిగబట్టాను. ఆయన మొదటి వరస మీద చూపు ఆనించాడు. ఒకటో మాట, రెండో మాట, మూడో మాట. నాలుగో మాటకి నన్ను చూశాడు. చూసి, పక్కావిడ మీదికి వెళ్లిపోయాడు.

అంతే. నేను నాలుగోదాన్ని. నా కుర్చీ అక్కడ ఉంది కాబట్టి. ఆయనకి అది విశేషమే కాదు. ఐదో మాట, ఆరో మాట సాగిపోతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యాహ్నం వరకూ పోలేదు.

ఆ తర్వాత వచ్చిన జనవరిలో మేడమ్ కద్దిష్ చెప్పింది. గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. నేను లేకపోయినా సరిపోయేది. గట్టిగా ఆమేన్ అన్నాను.

నాన్న చాలా నెలలు ఆ ఊసు ఎత్తలేదు. ఫోన్‌లో ఆరోగ్యం అడిగేవాడు, వానల గురించి చెప్పేవాడు. కాగితం ఫోటో పంపితే చూశానని కూడా అనలేదు. అమ్మ మాత్రం చెప్పింది, దాన్ని ప్రింటు తీయించి బీరువాలో పెట్టుకున్నాడని. ఆ చలికాలం ఒక ఆదివారం యూదుల దీపాల పండుగకి అందరూ మందిరంలో చేరారు. మేడమ్ రాసుకున్న కాగితం జిరాక్సులు తీసి పంచింది. నాన్న బాణీలో కీర్తన అందరి చేతా పాడించింది. పెద్దాయన బల్ల మీద చేత్తో దరువేశాడు. మిరప పొలం ఎప్పుడూ చూడని మనుషులు, చివర్లో ఆ గట్టు మీది పిలుపుని కూడా వదలకుండా పైకెత్తి పాడారు. ఫోన్‌లో రికార్డు చేసి నాన్నకి పంపాను.

గంటకి ఫోన్ వచ్చింది.

"విన్నావా నాన్నా?"

"విన్నా. రెండో చరణంలో తాళం పోయింది. ఆ దరువేసేటాయనకి చెప్పు, ఆగి వెయ్యాలని."

"చెప్తాను."

"ఆ పెద్దామె గొంతు బాగుంది," అన్నాడు. "ఇంకోసారి పంపు. మన వాళ్లకి వినిపిస్తా."

2019 నాటికి ఆ ఇల్లు మాకు పెద్దదైపోయింది. కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి లండన్ వెళ్లారు. పైకప్పు కారుతోంది. ఇల్లు వదిలేసి, ఊరవతల ఒక హాలులో చిన్న గది తీసుకుందామని అందరం కలిసి అనుకున్నాం. సామానంతా వ్యానులో వెళ్లింది. ధర్మశాస్త్రం చేత్తో రాసిన తోలు చుట్టని మాత్రం వ్యానులో పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. పెద్దాయన కంటి ఆపరేషన్ అయ్యాక డ్రైవింగ్ మానేశాడు. కాబట్టి ఆ పని నాకు పడింది. పాత ఎర్ర కారు ఒకటి కొనుక్కుని అప్పటికి ఏడాది.

అది ఒక ఆదివారం పొద్దున. జూన్ నెల. వెల్వెట్ గుడ్డ తొడిగి పైన వెండి కిరీటం పెట్టిన చుట్టని పసిపాపని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చి వెనక సీట్లో నిలబెట్టాను. అది ఒరిగిపోతుంటే సీటుబెల్టు పెట్టాను. మేడమ్ దాని పక్కన కూర్చుని ఒక చెయ్యి దాని మీద వేసింది. "మెల్లగా పోనీ," అంది.

మెల్లగానే పోనిచ్చాను. వెనక వాళ్లు హారన్లు కొట్టినా పట్టించుకోలేదు. చెట్ల నీడలు ముందు అద్దం మీద పడి జారిపోతున్నాయి. సిగ్నల్ దగ్గర పక్క కారులోని ఒక చిన్నపిల్ల మా వెనక సీటు వైపు చూసి, వెండి కిరీటం పెట్టుకున్న ఆ పొడుగాటి మనిషి ఎవరో అర్థం కాక చెయ్యి ఊపింది. మేడమ్ కూడా ఊపింది. అద్దంలో ఆవిడ పెదాలు కదులుతూ కనిపించాయి. ఏం పాడుతోందో వినపడలేదు.

హాలు ముందు కారు ఆపేసరికి వెనక నిశ్శబ్దంగా ఉంది. తిరిగి చూస్తే మేడమ్ తల పక్కకి వాల్చి నిద్రపోతోంది. చెయ్యి మాత్రం తీయలేదు. పెద్దాయన తలుపు దగ్గర తాళం చెవితో నిలబడి రమ్మని సైగ చేశాడు. ఒక్క నిమిషం అని నేనూ సైగ చేశాను. ఇంజిన్ ఆపి, కిటికీ కొద్దిగా దించి, ఆవిడ లేచేదాకా అలాగే కూర్చున్నాను.